అమ్మీ నడక లెక్కన ఒక సఫర్



మా అబ్బాది పూర్ణా మార్కెట్‌లో మసాలా దినుసుల దుకాణం. దాదా పెట్టింది, అబ్బా నిలబెట్టింది. ఫజ్ర్ నమాజ్ ముగించుకుని అబ్బా షట్టర్ ఎత్తేసరికి అక్కడ కూరగాయల లారీలు దిగిపోయి, కళాసీల కేకలతో బజారు సగం రోజు బతికేసి ఉంటుంది. చిన్నప్పుడు నేను జీలకర్ర బస్తా మీద కూర్చుని హోంవర్కు రాసేదాన్ని. నా నోటు పుస్తకాలన్నీ ధనియాల వాసన వేసేవి.

జుబైల్‌లో పనిచేస్తున్న తమ్ముడు ఆ మధ్య ఫోన్ చేశాడు. "ఆపా, అబ్బా అమ్మీల నికాహ్ అయి ఈ ఏడాదికి 40 ఏళ్లు. ఖర్చు నాది. ఇద్దరినీ ఎక్కడికైనా పంపిద్దాం. ఇంతెజాం అంతా నువ్వు చూడు" అన్నాడు. వెంట మేమెవరం వెళ్లకూడదని కూడా వాడిదే షరతు. వాళ్లిద్దరే వెళ్లాలి.

ఎక్కడికి వెళ్తారని అబ్బాని అడిగాను. దుబాయి అంటారనుకున్నా, సింగపూర్ అంటారనుకున్నా. తరాజులో లవంగాలు పోస్తూ తల ఎత్తకుండా, "బుఖారా" అన్నారు.

చిన్నప్పటి నుంచీ మసీదులో బుఖారీ షరీఫ్ అన్న మాట వింటూనే ఉన్నారట. అది ఒక ఊరి పేరని, ఆ ఊరివారు కాబట్టే ఇమామ్ గారిని బుఖారీ అన్నారని తెలిసేసరికి పెళ్లయి ఇద్దరు పిల్లలట. "అప్పటి నుంచీ మనసులో ఉంది బేటీ. చెప్తే నవ్వుతారని చెప్పలేదు" అన్నారు.

ఖాందాన్‌లో ఈ ఖబర్ పాకగానే ఫూఫీ ఫోన్ చేసింది. "పైసలు ఎక్కువైతే ఇంకోసారి ఉమ్రా చేయండి. ముసలితనంలో ఈ సైరు సపాటా ఏంటి?" అంది. ఆమె మాటని తీసిపారేయలేదు. అబ్బా దానికి జవాబు దుకాణం లెక్కలాగే చెప్పారు. ఉమ్రా అయింది. జకాత్ బాకీ లేదు. అప్పు చేసి వెళ్లడం లేదు. భూమ్మీద తిరిగి చూడమని, మనకు ముందు బతికినవాళ్ల సంగతి తెలుసుకోమని ఖురానే చెబుతోంది కదా అన్నారు. ఫూఫీ కాసేపు ఊరుకుని, "అయితే నాకో చాదర్ పట్రా" అంది.

ఇక ఎప్పుడు అన్నది పెద్ద మసలా. దుకాణం ఉన్న మనిషికి వసంతం అంటే పూలు కాదు, కొత్త సరుకు. కొత్త మిర్చి, కొత్త పసుపు, కొత్త చింతపండు వచ్చే రోజులు. ఈ 2026లో ఉగాది మార్చి 19న. చాంద్ కనబడడాన్ని బట్టి ఈద్ కూడా అదే వారంలో. ఉజ్బెకిస్తాన్‌లో నౌరోజ్ పండుగ మార్చి 21న. మూడు పండుగలూ ఒకే వారంలో పడ్డాయి. రంజాన్‌లో దుకాణం వదలడం ఎలాగూ కుదరదు. ఏప్రిల్ నెలాఖరుకి ఆవకాయ బేరాలు మొదలవుతాయి. కారం, ఆవపిండి, మెంతుల కోసం జనం బారులు తీరతారు. మధ్యలో మిగిలింది ఏప్రిల్ రెండో వారం ఒక్కటే.

అదృష్టంకొద్దీ అక్కడ కూడా అదే మంచి కాలం. ఏప్రిల్‌లో సమర్ఖండ్‌లో పగలు 20 డిగ్రీల పైచిలుకు, రాత్రికి స్వెటర్ కావాలి. జూలైలో బుఖారాలో ఎండ 40 దాకా పోతుంది. ఒక్క నష్టం ఏంటంటే, ఆ దేశపు ఖర్బూజాలు ఎండాకాలంలోనే పండుతాయి. హిందుస్తాన్ వచ్చాక బాబర్ బాద్‌షా తల్చుకుని తల్చుకుని బెంగపడ్డ ఖర్బూజాలు అవి. ఇది చెప్తే అబ్బా మొహం చిన్నబోయింది. "మోకాళ్లకి ఎండా పడదు, చలీ పడదు. పండు లేకపోయినా ఫర్వాలేదు" అని అమ్మీ తేల్చేసింది. ఆ మాటలో మోకాళ్లు అన్నది నేను విననే లేదు.

విననట్టే ప్లాన్ రాశాను. ఫోన్‌లో వీడియోలు చూసి, దుకాణం బిల్లు పుస్తకం వెనక పేజీల్లో ఆరు రోజుల్లో 23 చోట్లు కుక్కాను. తాష్కెంట్, సమర్ఖండ్, బుఖారా, ఆపైన ఖీవా కూడా. ఒక ట్రావెల్స్ ఆఫీసువాళ్లిచ్చిన కాగితం ఇంకా ఘోరం. అందులో ఒక్కో చోటికి 40 నిమిషాలు. అబ్బా నా చీటీ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది సఫర్ కాదు బేటీ, సరుకు డెలివరీ చీటీ" అన్నారు. అని కూడా, బుఖారా నుంచి ఖీవా 450 కిలోమీటర్లేగా, తెల్లారకముందే బయల్దేరితే అయిపోతుందని ఇంకో రెండు చోట్లు తనే కలిపారు. అమ్మీ పక్కనే కూర్చుని చేటలో జీలకర్ర బాగుచేస్తోంది. ఏమీ అనలేదు.

సమర్ఖండ్‌లో షాహీ జిందా అనే జియారత్ ఉంది. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం వారి పినతండ్రి కొడుకు హజ్రత్ ఖుసమ్ బిన్ అబ్బాస్ మజార్ అది. నీలి పలకల గుమ్మటాలు ఒకదాని వెనక ఒకటి కొండవాలు ఎక్కుతాయి. మొదట్లోనే దాదాపు 40 మెట్లు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మెట్ల లెక్క సరిపోతే మురాద్ తీరుతుందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. అది చదివాక, అమ్మీని ఒకసారి మన దర్గా కొండకి తీసుకెళ్లి చూద్దామనిపించింది.

వైజాగ్ వాళ్లకి చెప్పక్కర్లేదు. హార్బర్ పక్కన మూడు కొండలు. ఒకదాని మీద ఇస్హాఖ్ మదీనా బాబా దర్గా, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. పెళ్లయిన కొత్తలో అమ్మీ దర్గా మెట్లు ఒక్క ఊపిరిలో ఎక్కేదట. మొన్న జుమేరాత్ సాయంత్రం పట్టుమని 15 మెట్లు ఎక్కి కూర్చుండిపోయింది. కింద కాలువలోంచి ఓడ ఒకటి మెల్లగా లోపలికి వస్తోంది. ఆ ఓడని చూస్తూ అంది:

"నన్ను హోటల్‌లో కూర్చోబెట్టి మీ అబ్బాని తిరగమను. నాకేం బాధ లేదు."

"అదేంటమ్మీ, ఇద్దరికీ కలిపి కదా ఈ సఫర్?"

"ఉమ్రాకీ ఇద్దరమే వెళ్లాం. అల్లాహ్ దయవల్ల ఇబాదత్ దిల్ నిండా చేసుకున్నా. కానీ హోటల్ నుంచి హరమ్‌కి, హరమ్ నుంచి హోటల్‌కి, బజారుకి, బస్సుకి... నేను చూసింది మీ అబ్బా వీపే బేటీ. తెల్ల కుర్తా వీపు. జనంలో అది తప్పిపోతుందేమోనని దాని మీదే కళ్లు పెట్టుకుని నడిచా. పక్కన ఏ దుకాణం ఉందో, ఏ చెట్టుందో అడిగితే చెప్పలేను."

ఓడ లంగరేసే దాకా మేమిద్దరం అక్కడే ఉన్నాం. నాకు నోట మాట రాలేదు. ఆరు రోజులు, 23 చోట్లు. నా చీటీలో అమ్మీ ఎక్కడుంది? అబ్బా షౌఖ్ ఉంది, నా వీడియోలున్నాయి, తమ్ముడి డబ్బుంది. ఆమెను ఒక్క మాట అడిగింది లేదు.

ఆ రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర ఈ మాట అబ్బాకి చెప్పేశాను. ఆయన ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపారు. "ఎప్పుడూ చెప్పలేదే" అన్నారు అమ్మీతో.

"మీరు ఎప్పుడూ వెనక్కి తిరగలేదుగా" అంది అమ్మీ. కోపంగా కాదు, ఉప్పు అందించినట్టే అంది.

మర్నాడు దుకాణంలో అబ్బా ఎర్ర పెన్ను తీసుకుని నా చీటీ ముందేసుకున్నారు. ఖీవా కొట్టేశారు. తను కలిపిన రెండూ కొట్టేశారు. "నలభై ఏళ్లు సరుకు మోయించా గానీ ఒక సంగతి మర్చిపోయా. ఇద్దరు కళాసీలు ఒకే బస్తా పట్టుకుంటే, మెల్లగా నడిచేవాడి నడకే ఇద్దరి నడకా" అన్నారు. అక్కడి నుంచి చీటీ మళ్లీ మొదలైంది. ఈసారి అమ్మీ మధ్యలో కూర్చుంది.

ఏప్రిల్ 8 బుధవారం ఇక్కడి నుంచి ఢిల్లీ, ఆ రాత్రి అక్కడే నిద్ర. ఒకే రోజు రెండు విమానాలు మారితే అమ్మీ కాళ్లు వాస్తాయి. 9న ఢిల్లీ నుంచి తాష్కెంట్ నేరుగా, మూడు గంటల చిల్లర. గడియారం మనకంటే అరగంట వెనక, అంతే తేడా. ఆ రోజు ఇంకేమీ పెట్టలేదు.

10న జుమా. హజ్రతి ఇమామ్ ప్రాంతంలో నమాజ్. హజ్రత్ ఉస్మాన్ రజియల్లాహు అన్హు కాలం నాటిదిగా చెప్పే తోలు పుటల ముస్‌హఫ్ అక్కడే ఉంది. సాయంత్రం చోర్సూ బజారు. నీలి గుమ్మటం కింద పెద్ద మార్కెట్ అది. అబ్బా కోసం లాల్ బహదూర్ శాస్త్రి గారి విగ్రహం కూడా రాశాం. 1966 జనవరి 10న పాకిస్తాన్‌తో ఒప్పందం మీద సంతకం చేసి, ఆ రాత్రి దాటాక 11న ఆయన కన్నుమూసింది తాష్కెంట్‌లోనే. అక్కడ ఆయన పేరుతో వీధి ఉంది.

11న రైల్లో నేరుగా దూరపు ఊరికే, అంటే బుఖారాకి. అఫ్రోసియోబ్ అనే వేగం రైలు నాలుగు గంటల్లో చేరుస్తుంది. వసంతంలో దాని టికెట్లు ఇట్టే అయిపోతాయి, విమానం టికెట్ కన్నా ముందు దాని మీద కన్నేయాలి. దూరం ముందు పెట్టుకుంటే ఒంట్లో ఓపిక ఉండగానే అది అయిపోతుంది, వెనక్కి వచ్చేటప్పుడు ఊళ్లు దగ్గరవుతూ వస్తాయి. ఇది అమ్మీ సలహా. ఇంటి పని కూడా ఆమె అలాగే చేస్తుంది, పెద్ద గిన్నె ముందు తోముతుంది.

బుఖారాలో మూడు రాత్రులు. లబీ హౌజ్ అని పాత హౌజు ఒకటి ఉంది, 1620ల నాటిది, చుట్టూ ముసలి కంబళి చెట్లు. హోటల్ దానికి నాలుగడుగుల దూరంలో ఉండాలని అమ్మీ షరతు. 12న కల్యాణ్ మినార్. 1127లో కట్టింది, తొమ్మిది వందల ఏళ్ల నుంచీ నిలబడి ఉంది. దాని పక్కనే పాత బజారు గుమ్మటాలు. వాటి పేర్లు చదువుతుంటే అబ్బా కళ్లు మెరిశాయి. తాఖీ జర్గరాన్ అంటే బంగారం పనివాళ్లది. తాఖీ సర్రాఫాన్ అంటే డబ్బు మార్చేవాళ్లది. మన షరాబు అన్న మాట ఆ సర్రాఫే కదా! 13వ తేదీకి ఎదురుగా అమ్మీ తన చేతి రాతతో, ఉర్దూలో, ఒకటే మాట రాసింది: ఖాలీ. ఆ రోజు ఇద్దరూ హౌజు గట్టున కూర్చుంటారు. బుద్ధి పుడితే ఊరి బయట బహావుద్దీన్ నఖ్ష్‌బంద్ వారి జియారత్‌కి టాక్సీలో వెళ్తారు. పుట్టకపోతే లేదు.

14న రైల్లో సమర్ఖండ్. 15 పొద్దున్నే ఇమామ్ బుఖారీ మజార్. ఇక్కడ ఒక తికమక ఉంది. ఆయన పుట్టింది బుఖారాలో, హిజ్రీ 256లో, అంటే క్రీ.శ. 870లో వఫాత్ అయింది సమర్ఖండ్ దగ్గర ఖర్తంగ్‌లో. బుఖారాలో మజార్ వెతికితే దొరకదు. ఆ ఆవరణలో పెద్ద ఎత్తున పునర్నిర్మాణం జరిగింది కాబట్టి బయల్దేరే ముందు హోటల్ వాళ్లని వాకబు చెయ్యాలి. సాయంత్రం షాహీ జిందా. అమ్మీ కింద ఎంత సేపు కూర్చుంటే అంత సేపు, ఎన్ని మెట్లెక్కితే అన్ని. పైకి పోకపోయినా కింద నుంచే ఫాతిహా చదువుతానంది.

16న బీబీ ఖానుమ్ మసీదు, దాని పక్కనే సియోబ్ బజారు. ఒకే రోజు, ఒకే నడక. అసర్ దాటాక రెగిస్తాన్. మూడు మదరసాలు ఎదురెదురుగా నిలబడి ఉండే మైదానం. మొదటిది ఉలుగ్ బేగ్ 1420 నాటికి పూర్తి చేసింది. రాజై ఉండి నక్షత్రాల లెక్కలు కట్టిన మనిషి ఆయన. మగ్రిబ్ ఏడు దాటాక అవుతుంది. ఆ వెలుగులో ఆ నీలం పలకలు చూడాలని అమ్మీకి ఉంది. 17న తాష్కెంట్, 18న తిరుగు ప్రయాణం. మొత్తం 11 రోజులు.

"పదకొండు రోజులా! దుకాణం?" అన్నారు అబ్బా. ఆయన జిందగీలో, ఉమ్రా తప్పిస్తే, అన్ని రోజులు షట్టర్ దించింది లేదు. పక్క కొట్లో అరటికాయల మావయ్య వింటూనే ఉన్నాడు. "ఏటి భాయ్, నాను సూసుకోనా? తాళం నాకిచ్చీసి ఎల్లు. వదినమ్మని మాత్రం తిన్నగా తీసుకెల్లు" అన్నాడు. ఆ "తిన్నగా" అన్న మాటకి అబ్బా నవ్వేశారు. ఈ సంగతి మార్కెట్‌కి కూడా తెలిసిపోయిందన్నమాట.

మీలో ఎవరైనా పెద్దవాళ్లని పంపాలనుకుంటే పనికొస్తుందని నాలుగు మాటలు రాస్తున్నా. మనవాళ్లకి ఈ-వీసా ఇంట్లో కూర్చునే తీసుకోవచ్చు, ఒకసారి ప్రవేశానికి రుసుము 20 డాలర్లు. పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే రాయాలి. మన ఆడవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండడం మామూలే, కాబట్టి అది ముందే చూసుకోవాలి. హోటల్ వాళ్లిచ్చే రిజిస్ట్రేషన్ చీటీలు పారేయకూడదు. మందుల విషయంలో అక్కడ సఖ్తీ ఎక్కువ. గట్టి నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు కొన్నింటిని అస్సలు ఒప్పుకోరు. అమ్మీ మోకాళ్ల మందుల జాబితా డాక్టర్‌కి చూపించి, వాటిలో తీసుకెళ్లకూడనిది మార్పించి, చీటీ ఇంగ్లీషులో రాయించి పెట్టాను.

నమాజ్ సంగతి. హనఫీ ఫిఖహ్ ప్రకారం సుమారు 78 కిలోమీటర్లకి మించిన దూరం బయల్దేరి, ఒక ఊళ్లో 15 రోజుల కన్నా తక్కువ ఉండే నియ్యత్ ఉంటే ముసాఫిరే. జుహర్, అసర్, ఇషా ఫర్జ్‌లు నాలుగుకి బదులు రెండు. ఫజ్ర్, మగ్రిబ్ మారవు. ఊరి ఇమామ్ వెనక నిలబడితే పూర్తిగా చదవాలి. ఆ దేశంవాళ్లూ మనలాగే హనఫీలు. అసలు మన మదరసాల్లో చెప్పే హిదాయా రాసిన ఇమామ్ మర్గీనానీ ఆ గడ్డవారే.

తిండి దగ్గర ఒక జాగ్రత్త. పులావ్ మీద ఖాజీ వేస్తారు అని చదివి వినిపిస్తే అబ్బా ఉలిక్కిపడ్డారు. అది నికాహ్ చదివించే ఖాజీ సాబ్ కాదు, గుర్రం మాంసంతో చేసే సాసేజ్. ఇమామ్ అబూ హనీఫా దగ్గర గుర్రం మాంసం మక్రూహ్. కాబట్టి వడ్డించేవాడికి ముందే చెప్పాలి.

భాష ఫికర్ మాత్రం అబ్బాకి లేదు. ఉజ్బెక్ మాటలు ఫోన్‌లో వింటూ దుకాణంలో కూర్చుంటున్నారు. మన "ఆ" వాళ్ల దగ్గర "ఓ" అవుతుందని ఆయనే కనిపెట్టారు. బజారు బోజోర్, జవాబు జవోబ్, హిసాబు హిసోబ్. ఉల్లిపాయ పియోజ్, మిరియం ముర్చ్, జీలకర్ర జిరా. తరాజు తరోజీ. దుకాణంలో పట్టుకునే ప్రతి వస్తువూ అక్కడ పలకరిస్తుందన్న ధీమా వచ్చేసింది. ఒక్క సబ్జీ దగ్గరే చిక్కు. అక్కడ సబ్జీ అంటే క్యారట్.

"వాళ్ల మాటలు మనకెలా వచ్చాయి?" అంది అమ్మీ. కొన్ని పర్షియన్ నుంచి, కొన్ని అరబ్బీ నుంచి అటూ ఇటూ రెండు వైపులా పోయాయి. మాటలే కాదు, మనుషులూ వచ్చారు. తొలి నిజాం తాత ఖ్వాజా ఆబిద్ సమర్ఖండ్ వైపు నుంచి వచ్చినవాడే. 1687లో ఔరంగజేబు గోల్కొండని ముట్టడించినప్పుడు ఫిరంగి దెబ్బకి చనిపోయాడు. సమాధి హైదరాబాద్‌లో హిమాయత్ సాగర్ దగ్గర ఉంది. "అంత దూరం ఎన్నాళ్లకి వచ్చుంటాడు పాపం" అంది అమ్మీ. ఆమెకి తోచింది ముందు ఆ నడకే.

ఇప్పుడు షాబాన్ నడుస్తోంది. అబ్బా ఖాతా పుస్తకం తీసి బాకీలు తీరుస్తున్నారు. సఫర్‌కి ముందు అమానత్‌లు అప్పగించాలి, హఖ్ ఉన్నవాళ్లకి హఖ్ ఇవ్వాలి, మాట పడ్డవాళ్లని మాఫీ అడగాలి. మొన్న ఒక పాత కళాసీని పిలిచి, ఎప్పుడో మిగిలిపోయిన 300 రూపాయలు చేతిలో పెట్టారు. అతనికి గుర్తే లేదు.

నిన్న సాయంత్రం అసర్ తర్వాత డాక్టర్ నడవమన్నాడని ఇద్దరూ కొత్త రోడ్డు వైపు బయల్దేరారు. నేను దుకాణంలో గల్లా దగ్గర కూర్చుని చూస్తున్నా. అబ్బా అలవాటు కొద్దీ చకచకా పది అడుగులు వేశారు. ఆగారు. వెనక్కి తిరిగారు. అమ్మీ వచ్చేదాకా నిలబడి, ఆమెని ముందు నడవనిచ్చి, తను ఒక అడుగు వెనక నడిచారు. అరటి గెలల బండి అడ్డొచ్చే దాకా ఇద్దరూ కనబడుతూనే ఉన్నారు.

వాళ్ల సఫర్ కోసం దువా చేయండి. అమ్మీ మోకాళ్ల కోసం కాస్త ఎక్కువ చేయండి.